మొరాయించాల్సిన ఏనుగు

ఆ ఆదివారం ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏనుగు స్టార్టవకూడదు. అంతే.

ఏనుగంటే డీజిల్ ఇంజను. చెరువు చుట్టూ సందర్శకులను తిప్పే ఆ చిన్న మ్యూజియం రైలుకు ఇంజనీరు కోడలే. సెలవు రోజుల్లో దాన్ని నడిపేది, రైల్వేలో డ్రైవరుగా రిటైరైన మామగారు. పాత ఆవిరి ఇంజను బాయిలరుకు చిల్లులు పడి మూలన కూర్చోవడంతో ఓ డీజిల్ ఇంజను కొనక తప్పలేదు. నడిపి చూసుకోమని అమ్మేవాళ్లు రెండు పంపారు. ఒకటి, ఒకప్పుడు పెద్ద లైన్ల మీద ఎక్స్‌ప్రెస్సులు లాగిన భారీ ఇంజను. రెండోది, ఏదో ఫ్యాక్టరీ ఆవరణలో వ్యాగన్లను అటూ ఇటూ నెట్టిన పసుపు రంగు బుల్లి ఇంజను. షెడ్డులో వాటికి ఏనుగు, పిచ్చుక అని పేర్లు పడిపోయాయి.

కోడలి మనసు పిచ్చుక మీదే ఉంది. లారీ విడిభాగాలే దానికి సరిపోతాయి, ఏ షాపులోనైనా దొరుకుతాయి. ఏనుగుకైతే చిన్న వాషరు కావాలన్నా కొత్తగా చేయించాలి. పైగా దాని బరువుకు ఈ పాత పట్టాలు ఆగవు. ఇదంతా మ్యూజియం నడిపే ట్రస్టు అధ్యక్షుడికి చెప్పడం కష్టం కాదు. మామగారికి చెప్పడమెలా? ఆయన ఉద్యోగమంతా అలాంటి ఏనుగుల మీదే గడిచింది. వారం నుంచి భోజనాల దగ్గర కూడా ఏనుగు కబుర్లే. అత్తగారు పోయాక ఆయన ఇంత గలగలా మాట్లాడటం ఇదే మొదలు. "వద్దు మామయ్యా" అనడానికి కోడలికి నోరు పెగల్లేదు. ఆ మాటేదో ఇంజనే అనేస్తే బాగుండుననిపించింది.

"దాని బ్యాటరీ స్విచ్ తీసెయ్," అని మెకానిక్ చెవిలో చెప్పింది. "ఎవరడిగినా నీకేం తెలీదు."

మెకానిక్ ఆమెను అదోలా చూశాడు. "మీరు కూడానా మేడం?"

"నేను కూడా ఏంటి?"

"అబ్బే, ఏం లేదు. టీ తాగారా?"

ఇంతలో తెల్లటి బట్టల్లో అధ్యక్షుడు దిగాడు. రైలెక్కడానికి వచ్చిన జనం వినోదం చూడ్డానికి గుమిగూడారు. మామగారు ఏనుగు నిచ్చెన పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. పాత నేస్తాన్ని తడుముకుంటూ ఎక్కుతున్నారనుకుని కోడలికి గుండె కలుక్కుమంది.

ఆయన బటన్ నొక్కారు. ఏనుగు కిక్కురుమనలేదు. కోడలు హమ్మయ్య అనుకుంది.

"డ్రైవరూ రిటైరే, ఇంజనూ రిటైరే!" అని గుంపులోంచి ఎవరో అన్నారు. జనం గొల్లుమన్నారు.

మామగారికి రోషం పొడుచుకొచ్చింది. కిందికి దిగి, బ్యాటరీ పెట్టె తెరిచి, మెకానిక్ వైపు ఓ చూపు విసిరి, స్విచ్ ఠక్కున వేశారు. మళ్లీ ఎక్కి నొక్కారు. ఏనుగు గుర్రుగుర్రుమంటూ తిరిగింది గానీ అంటుకోలేదు.

"పాపం, దాని ఓపిక అంతే," అని ఆయన తల దించుకున్నారు.

ఆ దించిన తలను కోడలు చూడలేకపోయింది. పట్టాలూ బరువూ పథకమూ అన్నీ గాలికి పోయాయి. ఇంజను పక్క తలుపు తెరిచి గొట్టాల వెంట చెయ్యి పోనిచ్చింది. డీజిల్ వాల్వు బిగించి ఉంది. "ఏ పుణ్యాత్ముడు మూశాడో!" అని గొణుక్కుంటూ తిప్పేసింది.

"ఇప్పుడు నొక్కండి మామయ్యా!"

"వద్దులేమ్మా. ముసలి ప్రాణం, దాన్నెందుకు ఇబ్బంది పెట్టడం?"

"నా మాట విని నొక్కండి!"

నొక్కక తప్పలేదు. ఏనుగు ఘీంకరించింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. నల్లటి పొగ గుప్పున లేచి, నింపాదిగా అధ్యక్షుడి మీదే వాలింది. మసిలోంచి ఆయన కళ్లు మాత్రం మెరిశాయి.

"అదీ ఇంజనంటే! ఇదే ఖాయం. ఏదీ, కాస్త నడపండి!"

"వద్దు సార్! వంపు దగ్గర పట్టాలు దీని బరువు మొయ్యవు!" అని కోడలు గొంతు చించుకుంది.

ఆ హోరులో అధ్యక్షుడికి సగమే వినిపించింది. "మోస్తాయంటోంది! పోనివ్వండి!" అని చెయ్యి ఊపాడు.

ఏనుగు షెడ్డు పక్క లైను మీద చీమ నడకన కదిలింది. వంపు దగ్గర పాత పట్టాలు చెరో పక్కకూ జరిగాయి. ముందు చక్రాలు వాటి మధ్యకు ధబ్బున దిగబడ్డాయి. సరిగ్గా టికెట్ కిటికీ ముందు ఏనుగు చతికిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

కోడలు పరుగెత్తింది. ఉద్యోగం మొత్తంలో ఒక్కసారీ బండిని పట్టాలు దింపని మనిషి, ఎలా ఉన్నారో! చూస్తే మామగారు నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుని, మోకాళ్లు రుద్దుకుంటూ నవ్వుతున్నారు.

"అమ్మయ్య! ఇక దీన్ని కొనరు కదా?"

"అదేంటి మామయ్యా? దీని మీద ప్రాణం పెట్టుకున్నారుగా!"

"నేనెక్కడ పెట్టుకున్నానమ్మా? నువ్వే నా కోసం తంటాలు పడి తెప్పించావనుకున్నా. నీ సంతోషం పాడుచేయడమెందుకని వారం రోజులూ పొగిడా. ఈ నిచ్చెన ఎక్కే మోకాళ్లా నావి? అందుకే పొద్దున్నే వచ్చి వాల్వు మూయించా."

"వాల్వు మీ పనా?"

"మరి స్విచ్ ఎవరి పని?"

కోడలు నేల చూపులు చూసింది. తర్వాత ఇద్దరూ మెకానిక్ వైపు తిరిగారు.

"నన్నంటారేంటి? ఇద్దరూ అడిగారు, ఇద్దరికీ చేసిపెట్టా. ఒకరిది ఒకరు విప్పుకుంటారని కలగన్నానా?"

జనం ఇంకా రైలు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. అసలు లైను ఖాళీగానే ఉంది. పిచ్చుకను తెచ్చి పెట్టెలకు తగిలించారు. అది ఒక్క దగ్గు దగ్గి బయల్దేరింది. మామగారి పక్కన కోడలు కూర్చుంది. చెరువు గట్టు మీదికి వచ్చాక ఆయన కిటికీలోంచి వెనక్కి తిరిగి చూశారు. పెట్టెల్లోంచి జనం చేతులూపుతున్నారు.

"అన్నేళ్లు అంతమందిని లాగానా, ఒక్క మొహం చూడలేదమ్మా. మీ అత్తయ్య ఓసారి నాకు చెప్పకుండా నా బండే ఎక్కింది. దిగి ఎదురుగా వచ్చి నిలబడేదాకా నాకు తెలీలేదు."

ఆయన వెనక్కి చూస్తుంటే కోడలు ముందు పట్టాలను చూస్తూ కూర్చుంది.

అధ్యక్షుడు మొహం కడుక్కుని పిచ్చుకకే సంతకం పెట్టాడు. ఏనుగును ఎత్తే క్రేను ఆ సందులోకి రాలేదు. అమ్మేవాళ్లు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, కానుకగా ఉంచేసుకోమన్నారు. ఇప్పుడు దానికి కొత్త రంగు వేసి, ముందు "శాశ్వత ప్రదర్శన" అని బోర్డు పెట్టారు. శాశ్వతం ఎందుకైందో మాత్రం అందులో రాయలేదు.