బ్యాంకుకీ ఓ గడప ఉంది

ఆ గురువారం పొద్దున ఈశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పలాసలో తన దుకాణం తెరవాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జీడిపప్పులో విరగని గుళ్లు ఒకపక్కకీ, బద్దలు ఒకపక్కకీ ఏరించాలి. మధ్యాహ్నం భోంచేసి ఐశ్వర్యకి ఫోన్ చేసి, ఆమె "ఏటి తిన్నావు?" అని అడిగితే పచ్చడితో సహా వర్ణించి చెప్పాలి. అంతే.

పెళ్లయి రెండు నెలలు. దుకాణం బోర్డు మీద పేరు 'ఐశ్వర్య జీడిపప్పు' అని మార్పించాడు, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు చేర్పించాడు. ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. మామగారు మన్మథరావు వచ్చి కూతుర్ని హరిశ్చంద్రపురం తీసుకెళ్లిపోయాడు. ఆమె వదిలి వెళ్లిన జడ క్లిప్పు ఈశ్వర్ చొక్కా జేబులోనే ఉంటోంది.

తాళం తీస్తుండగా ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. చదివి, వెంటనే ఐశ్వర్యకి ఫోన్ చేశాడు.

"ఐసూ, బేంకోలు మన ఓవర్‌డ్రాఫ్టులో రెండుసార్లు చార్జీ కోసీసారు."

ఐశ్వర్య టెక్కలిలో బీకాం చదివింది. తన ఫోన్‌లో ఖాతా తెరిచి సంగతి తేల్చేసింది. సరుకు మీద బీమాకి కట్టే డబ్బు బ్యాంకే చెప్పకుండా ఖాతాలోంచి తీసుకుంది. దాంతో ఖాతాలో వాడకం, ఉన్న పరిమితిని కాస్త దాటింది. దాటినందుకు బ్యాంకు చార్జీ వేసింది. ఆ చార్జీ వల్ల మరికాస్త దాటితే, అందుకు ఇంకో చార్జీ వేసింది. తనే కాలు అడ్డంపెట్టి, పడినవాడికి తనే జరిమానా వేసినట్టు.

"ఇది అన్నేయం బావా! చార్జీలు తిరిగిమ్మనాల, పైన పరిహారం అడగాల. నాను కంప్లైంటు రాత్తాను."

"రాసి పంపు. సంతకం పెట్టి ఇచ్చీత్తాను."

"నీ ఒక్కడి సంతకం సెల్లదు. ఖాతా ఇద్దరి పేరునుంది కదా. ఇద్దరం ఎల్లాల."

ఈశ్వర్ చెయ్యి జేబులోని జడ క్లిప్పు మీదికి వెళ్లింది.

"ఇద్దరమా?" అన్నాడు ఈశ్వర్ మెల్లగా.

"ఇద్దరమే. బేంకు మీ ఇల్లు కాదు."

"మీ ఇల్లూ కాదు!"

"పేసింజరుకి వచ్చీత్తన్నాను," అంది ఐశ్వర్య.

బ్యాంకు మేనేజరు ప్రమోదిని బరంపురం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఫిర్యాదు రెండుసార్లు చదివి, "మీరు రాసింది సబబే. పై ఆఫీసుకి పంపుతాను. వారం పడుతుంది," అంది.

"వారమేనాండీ?" అంది ఐశ్వర్య దిగులుగా.

"ఎక్కువ పట్టినా పర్లేదండి," అన్నాడు ఈశ్వర్ ధైర్యం చెబుతూ.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ప్రమోదిని ఆ మాట వినడం అదే మొదలు.

అలా గురువారాలు మొదలయ్యాయి. ఊళ్లో కొత్తజంట కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోని, పైగా చల్లగా కూడా ఉండే చోటు ఆ బ్యాంకు హాలు ఒక్కటే. ఇంట్లో 'బేంకు పని' అంటే ఎవరూ మారు అడగరు. పరిహారం వచ్చేసిందా, గురువారాలు పోయినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

రెండో గురువారం ఈశ్వర్ మిరియాలు వేసి వేయించిన జీడిపప్పు పొట్లం తెచ్చాడు. ఐశ్వర్య డబ్బా నిండా పనస తొనలు తెచ్చింది. మూత ఇంకా సగం కూడా రాలేదు, ఏసీ ఆ వాసనని క్యాషు కౌంటరు దాకా మోసేసింది. నోట్లు లెక్కపెడుతున్న గుమస్తా లెక్క తప్పి మళ్లీ మొదటికి వచ్చాడు.

"పనస ఎవరు తెచ్చారు?" అంటూ ప్రమోదిని బయటికి వచ్చింది. ఇద్దరూ గతుక్కుమన్నారు. "లోపలికి రండి. డబ్బా కూడా తీసుకురండి."

క్యాబిన్‌లో ముగ్గురూ తొనలు పంచుకున్నారు. ఆషాఢం సంగతి విని ప్రమోదిని నవ్వింది. "మా ఆయన రూర్కెలాలో ఉంటారు. మీకు ఒక్క నెలేనమ్మా. నాకు ఏడాది పొడుగునా ఆషాఢమే," అంటూ కళ్లు ఒత్తుకుంది.

అద్దం అవతల కాపలా ఉన్న అప్పలసూరికి మాటలు వినపడలేదు, కన్నీళ్లు మాత్రం కనిపించాయి. చాలా జాలిగుండె అతనిది. టీ తాగడానికి వెళ్లి దుకాణంలో అన్నాడు: "జీడిపప్పు ఈశ్వరు బాబు పని అయిపోనాది. తలుపేసి మాటాడతన్నారు. మేనేజరమ్మే ఏడ్సీసిందంటే ఎంత అప్పో సూడండి!"

మూడో గురువారం జంట వచ్చింది, టోకెను తీసుకుంది, బల్ల మీద కూర్చుంది. తమ వంతు వస్తే టోకెను వెనకున్న ముసలాయనకి ఇచ్చేసి, మళ్లీ కొత్తది తీసుకుంది.

"ఇంకా తేల్చలేదేటి?" అంది ఐశ్వర్య.

"బేంకు పని కదా ఐసూ, తొందరగా తెమల్దు," అన్నాడు ఈశ్వర్, ఆమె గాజులు ఒక్కొక్కటే తిప్పుతూ.

ప్రమోదిని అద్దంలోంచి చూసింది గానీ పిలవలేదు. అప్పలసూరి గుండె జారిపోయింది. "పిలవడం కూడా మానీసింది," అని టీ దుకాణంలో చెప్పాడు. ఆ మాట ఈశ్వర్ తల్లి కామేశ్వరమ్మకి చేరేసరికి, అందులో బ్యాంకువాళ్లు ఈశ్వర్ దుకాణానికి తాళం వేసేశారు. హరిశ్చంద్రపురం చేరేసరికి అల్లుడు బట్టలు సర్దుకుని రైలెక్కేశాడు.

నాలుగో గురువారం పన్నెండు తొనల డబ్బా సగమైంది. అప్పుడు తలుపు దగ్గర కేక వినిపించింది.

"ఓలమ్మోలమ్మ! నా గాజులు తీసుకోండి, నా పిల్లల్ని ఒగ్గీయండి!"

కామేశ్వరమ్మ. కొంగులో బంగారు గాజుల మూట. ఒక కాలు ఎత్తి, లోపల కోడల్ని చూసి, ఎత్తిన కాలు అలాగే వెనక్కి తీసుకుంది. అద్దాల తలుపు కింద వేలెడు వెడల్పు అల్యూమినియం పట్టీ ఉంది.

"లోపలికి రండమ్మా," అన్నాడు అప్పలసూరి.

"ఎలగొత్తాను? కోడలు లోపలుంది. ఆసాడం."

"ఇది బేంకు గడపమ్మా!"

"బేంకుదైతే గడప కాకుండ పోద్దేటి?"

ఆవిడ కదలదు. బయటివాళ్లు లోపలికి రాలేరు, లోపలివాళ్లు బయటికి పోలేరు. అప్పలసూరి బుర్ర గోక్కుని, "పోనీ ఏటీఎం గదిలో కూకోండి. దాని గడప ఏరే," అన్నాడు.

"ఆ మిసన్‌తో నానేటి మాటాడతానురా!"

ఇంతలో ఆవిడ పక్కనుంచి ఒదిగి మన్మథరావు లోపలికి దూరాడు. తువ్వాలు మూట అల్లుడి ఒళ్లో పెట్టి, "కొబ్బరితోట కాపు మీద బయానా తెచ్చాను బాబూ. ఎవులికీ సెప్పకండి," అన్నాడు, హాలంతా వినేటట్టు.

"మావా, ఏటిది? మాకు మునిగిపోయేంత అప్పేటీ లేదు!" అన్నాడు ఈశ్వర్.

"దాసకండి బాబూ. ఊరంతా తెలిసిపోనాది."

ప్రమోదిని పరుగున వచ్చింది. సంగతి అర్థమై, వీధి దాకా వినపడేలా చెప్పింది: "వీళ్లు అప్పుల్లో మునగలేదు! తప్పు బ్యాంకుది! చార్జీలు తిరిగి వేసేశాం, పరిహారం కూడా ఇచ్చాం. రెండు వారాలైంది. ఇద్దరి ఫోన్లకీ మెసేజ్ వెళ్లింది!"

ఐశ్వర్య ఈశ్వర్ వైపు తిరిగింది.

"నీకొచ్చిందా?"

"వచ్చింది. నీకు?"

"వచ్చింది."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే గురువారం వత్తావా?" అంది ఐశ్వర్య. అని, తల వంచుకుంది. "నువ్వూ సెప్పలేదు కదా బావా."

ఈశ్వర్ జేబులోంచి జడ క్లిప్పు తీశాడు, ఏం చెయ్యాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మన్మథరావు తన మూట తను తీసుకుని, గోడ మీది వడ్డీరేట్లు శ్రద్ధగా చదవసాగాడు.

ఇక మిగిలింది గడప అవతలి మనిషి. కామేశ్వరమ్మ గాజుల మూట కొంగులో బిగించింది. కొడుకు చెవులు ఎర్రబడడం చూసింది, కోడలి వంచిన తల చూసింది.

"మేనేజరమ్మా!" అని పిలిచింది.

"చెప్పండమ్మా."

"ఆసాడం ఇంకో వారముంది. ఆ కాయితం ముగించీకు."

"అది అయిపోయిందమ్మా. మళ్లీ తెరవలేం."

"అయితే కొత్తది రాయించుకో. మీ కుర్సీలు గట్టిగున్నాయని రాయించుకో. ఇద్దరి సేతా సంతకం ఎట్టించు." అని ఆగి, "కోడలా, ఆ తొనలు మిగిల్నాయా? గడప దాటకండ సెయ్యి సాపి అందించు," అంది.

ఐశ్వర్య డబ్బా అందించింది. పట్టీ మీదుగా అత్తగారి చెయ్యి డబ్బాతో పాటు కోడలి వేళ్లని కూడా కాసేపు పట్టుకుని వదిలింది.

ఐశ్వర్య తిరిగి పలాస వచ్చేశాక, శ్రావణంలో ఆ ఖాతాలో బ్యాంకు మరో తప్పుడు చార్జీ వేసింది. ఆ మెసేజ్‌ని ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు తెరిచి చూడలేదు.