ఉత్తమ వీక్షకురాలు సూర్యకళ గారు

జూన్ పద్నాలుగో తేదీన, నేను పనసపొట్టు కూరతో భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటుండగా, మానవజాతి చరిత్రలో ప్రకటనలను తప్పించుకునే యుగం ముగిసిపోయింది. (కూరలో ఆవ కొంచెం ఎక్కువైంది. చరిత్రకు దానితో సంబంధం లేదు.)

ఆ రోజు అమల్లోకి వచ్చిన శ్రద్ధా పరిరక్షణ నియమావళి ప్రకారం, ఫోనులో ప్రకటన వస్తున్నంతసేపూ రెండు కళ్ళూ తెర మీదే ఉండాలి. చూపు పక్కకు తిప్పితే ప్రకటన ఆగుతుంది. తిరిగి చూస్తే మొదటి నుంచి మొదలవుతుంది. ఆవలింత అభ్యంతరకరం. తుమ్ముకు మినహాయింపు ఉంది గానీ ముందుగా తెలియజేయాలి.

నాకు ప్రకటనల మీద పగ లేదు. ఇబ్బంది ఒక్కటే. నా భార్య సూర్యకళ పోయే ముందు సంవత్సరం, సామర్లకోటలో చెల్లెలి ఇంటి నుంచి ఒక వాయిస్ మెసేజ్ పంపింది. "ఏవండీ, వీధి తలుపు గడియ పెట్టారా?" అంతే. రోజూ అది విని గడియ పెట్టి పడుకోవడం నాకు అలవాటు. కొత్త నియమావళి దాని మధ్యలో బాత్‌రూమ్ టైల్స్ ప్రకటన పెట్టింది. "ఏవండీ" అనగానే టైల్స్ వస్తాయి. నా కళ్ళజోడు జారుతుంది. టైల్స్ మళ్ళీ మొదలవుతాయి. కొన్ని రోజులు ఆవిడ ఏమడుగుతోందో వినకుండానే కునుకు పట్టేది. తలుపు తెల్లవార్లూ బార్లా తెరిచే ఉండేది.

ఒక సాయంత్రం "ఏవండీ" అన్న క్షణంలో పొయ్యి మీద పాలు పొంగాయి. ఫోనును అలమరలో దండ వేసిన ఆవిడ ఫోటో ముందు, అగరొత్తుల స్టాండుకు ఆనించి పరిగెత్తాను. పాలు దక్కాయి. తిరిగొచ్చేసరికి "వీక్షణ సంపూర్ణం, ధన్యవాదాలు" అంటోంది ఫోను. వెనకే ఆవిడ గొంతు, వీధి తలుపు గురించి, ఏ అడ్డమూ లేకుండా.

అప్పటినుంచి ప్రకటనలు చూసే బాధ్యత ఆవిడకే వదిలేశాను. (బతికుండగా మిగతా బాధ్యతలు కూడా ఇదే పద్ధతిలో పంచుకున్నాం.)

నెల తిరక్కుండా నిడదవోలు నుంచి మండల శ్రద్ధాధికారి పల్లంరాజు గారు శాలువాతో వచ్చారు.

"సూర్యకళ గారి ఇల్లు ఇదేనాండి? జిల్లాకే ఉత్తమ వీక్షకురాలండి ఆవిడ. మొహం చూసి పేరు మా మెషినే పట్టేసిందండి. రెప్ప వెయ్యరండి! చూపు తిప్పరండి! పైగా టైల్స్ చూసి చిరునవ్వొకటండి. మా ఆఫీసులో ఎంత ప్రాక్టీసు చేసినా ఎవరికీ రాలేదండి ఆ నవ్వు."

నిజం తెలిస్తే నా ఫోను ఖాతా మూసేస్తారు; ఖాతాతో పాటు ఆ గొంతూ పోతుంది. ఏం చెయ్యాలో తోచక, మా వైపు ఏమీ తోచనప్పుడు చేసే పనే చేశాను.

"భోజనం వేళైందండి. ముందు కాళ్ళు కడుక్కోండి."

"అబ్బే, డ్యూటీలో తినకూడదండి," అంటూ ఆయన కాళ్ళు కడుక్కున్నారు.

పెరుగన్నం దాకా వచ్చాక తలెత్తి, "ఇంతకీ మేడమ్ గారు ఏరండీ?" అన్నారు.

నేను అలమర వైపు చూశాను. ఆయనా చూశారు. దండను, దాని ముందున్న ఫోనును చూశారు. నోట్లో ఆవకాయ టెంక అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళైందండి?"

"మూడేళ్ళండి."

ఆయన టెంక తీసి కంచం పక్కన పెట్టారు. "రూల్స్‌లో కళ్ళు తెరిచి ఉండాలని ఉందండి. ఊపిరి ఉండాలని ఎక్కడా లేదు. ఓ గరిటెడు మజ్జిగ పొయ్యండి."

వెళ్ళేముందు శాలువా మడత విప్పి ఫోటోకు కప్పారు, కళ్ళకు అడ్డం రాకుండా.

ఆయన నివేదిక పై వారికి బాగా నచ్చినట్టుంది. కొద్దిరోజుల్లోనే ఉత్తర్వు వచ్చింది. బతికున్నవారి శ్రద్ధ నాణ్యత ఆశాజనకంగా లేనందున, ఇకపై ప్రతి ఇంటా దండ వేసిన ఫోటోలనే వీక్షకులుగా నమోదు చేయాలి. అలాంటి ఫోటో లేని కుటుంబాలకు తగిన గడువు ఇస్తారు. చూడటం ఫోటోల్లోని వారి వంతు. కొనడం మాత్రం యథాప్రకారం బతికున్నవారి వంతు.

నిన్న టైల్స్ అయిపోయాక ఆవిడ అడిగింది, "ఏవండీ, వీధి తలుపు గడియ పెట్టారా?" అని. పెట్టడానికి లేచాను. అంతలో ఇంకో ప్రకటన మొదలైంది. ఆవిడ చూస్తోంది కదా, చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టాను.