స్వెయిన్‌కు స్వాగతం

ఆదివారం పొద్దున ఇంద్రాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎల్బీనగర్ నుంచి పెళ్లివారు వస్తారు, కూతురు మృదులను చూస్తారు, పెసరట్లు తిని సరేనని వెళతారు. ఈలోగా తన భర్త సాంబమూర్తి నోరు తెరవకూడదు.

మృదుల, మణికంఠ బ్యాంకు పరీక్షల కోచింగులో ప్రేమించుకుని మూడేళ్లయింది. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రేమ అంటే నానమ్మ ఐలమ్మ ఒప్పుకోదని మణికంఠ భయం. అందుకే సంబంధాలు చూసే ఆయన్ని పట్టుకుని, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు పెళ్లిచూపులు ఏర్పాటు చేయించుకున్నారు.

సాంబమూర్తి ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యాడు. ఇంగ్లీషువాళ్లు వాడి పారేసిన మాటలను ఏరి తెచ్చి పోషించడం ఆయన వ్యాపకం. పిల్లలిద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో మిర్చిబజ్జీ బండి దగ్గర కలుసుకుంటే, దాన్ని ‘ట్రిస్ట్’, అంటే ప్రేమికుల రహస్య సమాగమం, అని మురిసిపోయినవాడు.

“ఏవండీ, వాళ్ల ముందు లవ్వూ లవరూ అనకండి,” అంది ఇంద్రాణి.

“ఛ, లవరేంటే? ఆటోల వెనక రాసుకునే మాట! దానికి స్వెయిన్ అని పాతకాలపు మాటుంది. యువ ప్రేమికుడని అర్థం. ఇప్పుడు ఎవడికీ తెలీదులే.”

ఎవరికీ తెలియని మాటతో ప్రమాదమేముందని ఇంద్రాణి నమ్మింది. ఆయన బేకరీకి ఫోన్ చేసి, ‘వెల్‌కమ్ టు అవర్ స్వెయిన్’ అని రాసిన కేకు పంపమన్నాడు. ఆ మాట బేకరీవాడికీ తెలియదు. కాబట్టి తనకు తెలిసిన మాట రాశాడు.

పెళ్లివారు కూర్చున్నాక కేకు డబ్బా తెరిచారు. ఎల్బీనగర్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే మణికంఠ తండ్రి పాండురంగం, గులాబీరంగు క్రీము అక్షరాలను కూడబలుక్కున్నాడు.

“వెల్‌కమ్ టు అవర్... స్వైన్. గిదేంది? స్వైన్ ఫ్లూల స్వైనా?”

మృదుల తల దించుకుంది. పెళ్లిచూపుల్లో అది శోభగానే ఉంటుంది కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఐలమ్మ మాత్రం కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఎవరికొచ్చింది ఫ్లూ? పిల్లకా? చెప్పకుంట పిలిచిన్రా?”

“ఎవరికీ రాలేదండీ! బేకరీవాడి తప్పు!” అంది ఇంద్రాణి.

“ఫ్లూ లేకుంటె మరి పంది ఎవరు?” అన్నాడు పాండురంగం. “వెల్‌కమ్ చెప్పేది మాకే గదా?”

అక్కడితో ఒక క్షమాపణ చెప్పి పెసరట్లు పెడితే సరిపోయేది. కానీ సాంబమూర్తి లోపలికెళ్లి దిండంత నిఘంటువు మోసుకొచ్చాడు.

“బావగారూ, అది స్వైన్ కాదు, స్వెయిన్. ఇదిగో చూడండి. మూలార్థం, పనివాడు.”

“జీతగాడా? నా కొడుకు?”

“అబ్బే, అది మరీ పాతదండీ. తర్వాత్తర్వాత పశువుల కాపరి అయ్యాడు.”

పాండురంగం లేచి నిలబడ్డాడు. “తుర్కయంజాల్‌ల మాకు పదెకరాలుండె సార్. పసులు కాసెటోళ్లకు మేమే జీతాలిచ్చినం. లే అమ్మా, పోదాం.”

“ఆగండి బావగారూ, అసలు అర్థం ముందుంది!”

“డాడీ, పందే ఉండనీ!” అంది మృదుల. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల నోటి నుంచి వెలువడిన తొలి పలుకు అదే.

“అవునంకుల్, పందే మంచిగుంది,” అన్నాడు మణికంఠ. “నాకేం ఫీలింగ్ లేదు.”

“తప్పు అర్థానికి ఎలా ఒప్పుకుంటాం నాయనా? స్వెయిన్ అంటే ప్రేమికుడు! మూడేళ్లుగా మా అమ్మాయిని ప్రేమిస్తున్న కుర్రాడికి స్వాగతం అని నా భావం!”

ఇంద్రాణి గిల్లింది. గిల్లుడు కన్నా మాట ముందే చేరవలసిన చోటికి చేరిపోయింది.

ఐలమ్మ ముక్కు మీది కొంగు తీసి మనవడి వంక చూసింది. “నిజమారా?”

మణికంఠ నేల చూస్తూ తలూపాడు.

“నీ పాడుగాను! ముందుగాల చెప్తే ఏం బోయింది? నేను ఒద్దని చెప్దామనే ఒచ్చిన. ఆంధ్ర పిల్ల, మన మాట ఎర్కలేదు, మన తిండి ఎర్కలేదు, ఎట్ల ఉంటదని రాత్రంత పరేషాన్. మూడేండ్లు నిన్ను భరించిందంటే ఇంక ఏదైనా భరిస్తది. పాండూ, కూసో. ఖాయం చెయ్యి.”

పాండురంగం కూర్చున్నాడు. మృదుల ఏడుస్తూ నవ్వింది. సాంబమూర్తి నిఘంటువు మూసి, సంబంధం తనే కుదిర్చినట్టు గొంతు సవరించుకున్నాడు.

“పెళ్లి కార్డు నేను రాస్తాను బావగారూ. పెళ్లికి ‘ఎస్పౌజల్స్’ అని చక్కటి పాత మాటొకటి...”

కార్డు తెలుగులోనే ఉండాలనీ, అందులో ఆయన చెయ్యి పడకూడదనీ రెండు కుటుంబాలూ అక్కడికక్కడే తీర్మానించాయి. ఆంధ్రా, తెలంగాణ ఇంత తొందరగా ఒక ఒప్పందానికి వచ్చినట్టు ఇంద్రాణికి గుర్తులేదు.