అత్తగారి వంట, కంప్యూటర్‌లో గరగర

ఆ ఆదివారం ఉదయం వాసిం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు టీవీ వంటల కార్యక్రమంలో, అత్తగారు సర్దార్‌బీ నెల కిందట షూటింగ్‌లో వండిన నాటుకోడి పులుసు వస్తుంది. దాన్ని రికార్డు చేసి, సీడీలో ఎక్కించి ఆమె చేతిలో పెట్టాలి. "పనికిమాలిన డబ్బా" అని ఆమె రోజూ తిట్టే కంప్యూటర్‌కి దాంతో కాస్త గౌరవం వస్తుంది, దాన్ని కొన్న అల్లుడికీ వస్తుంది. ఇంట్లో టీవీ ఎప్పుడో కాలిపోయింది. అందుకే ఒంగోలు వెళ్ళి టీవీ ట్యూనర్ కార్డు తెచ్చి, తనే బిగించాడు.

"వద్దులే వాసిం. ఎవరూ చూడకపోతే మాత్రం ఏమైంది?" అంది సర్దార్‌బీ. మొహమాటపడుతోందనుకున్నాడు వాసిం.

కేబుల్ గుచ్చి చూస్తే తెర నిండా చుక్కలు. స్పీకర్లలో ఇసక మీద ఇనప బకెట్టు ఈడ్చినట్టు గరగర. సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాడు. కార్డు పీకి పక్క స్లాట్‌లో పెట్టాడు. చుక్కలు కదల్లేదు. కార్డు అమ్మిన షాపతనికి ఫోన్ చేస్తే, "చుట్టుపక్కల మోటార్లేమన్నా తిరుగుతున్నాయేమో చూడండి సార్" అన్నాడు.

దర్శిలో ఆ వీధిలో మోటారు తిరగని ఇల్లు లేదు. వాసిం ముందు పక్కింటికి పరుగెత్తాడు.

"రెబ్కక్కా, కాసేపు మిక్సీ ఆపవా? మా అత్త టీవీలో వస్తోంది, బొమ్మ సరిగ్గా రావట్లేదు."

"పిన్ని టీవీలోనా? చెప్పవేంటి తమ్ముడూ!" రెబ్కా చట్నీ సగంలో వదిలేసి, గోడ మీంచి అవతలింటికి కేకేసింది. ఆ కేక ఇల్లు ఇల్లూ దాటింది. మిక్సీలు ఆగాయి, టీవీలు మోగాయి.

ఇక మిగిలింది రామాంజనేయులు కారం మిల్లు. అక్కడ మిరపకాయల బస్తాలతో జనం బారులు తీరి ఉన్నారు.

"సీజన్‌లో మిల్లు ఆపమంటావేంటయ్యా?"

"మా అత్త కోసం బాబాయ్."

"అక్క కోసమా? అట్టా చెప్పు మరి!" రామాంజనేయులు మోటారు కట్టేసి, బస్తాల వాళ్ళందర్నీ మిల్లులోని టీవీ ముందు కూర్చోబెట్టాడు.

గరగర మాత్రం అలాగే ఉంది. కార్యక్రమం మొదలయ్యే వేళయింది. వాసిం మేడెక్కి, కేబుల్ వైరు వదులైందేమోనని బలంగా లాగాడు. అది వీధి పొడుగునా కరెంటు స్తంభాలకే కట్టి ఉంది. పైన తీగలు ఊగాయి, ఒకదానికొకటి తగిలాయి. ఢామ్మంది. వీధంతా కరెంటు పోయింది.

గబగబా దిగిన వాసింకి మెట్ల దగ్గరే సర్దార్‌బీ ఎదురైంది.

"అందరికీ పోయిందా?"

"పోయింది అత్తా."

"మిల్లుకి కూడా?"

"మిల్లుకి కూడా."

ఆమె అల్లుడి తల నిమిరి మెటికలు విరిచింది. "నా నాయనే! బతికించావు."

అప్పుడు బయటపడింది సంగతి. షూటింగ్‌లో యాంకరమ్మ పొగిడి పొగిడి, మీ వీధిలో ఇంకెవరు బాగా వండుతారని అడిగిందట. సర్దార్‌బీ నోరు జారింది. రెబ్కా సాంబారు కన్నా కుడితి నయమంది. రామాంజనేయులు కారంలో మిరపకాయల కన్నా రంపపు పొట్టే ఎక్కువంది. "ఆ ముక్క కోశారో లేదో తెలీక నెల్నుంచి నిద్ర లేదు వాసిం."

లైన్‌మన్ వచ్చాడు. తీగలు సరిచేసి, స్తంభాల మీది కేబుల్‌ని తిట్టుకుంటూ కోసి పారేశాడు. వీధి మొదట్లో ఉంది కనక వాసిం ఇంటికి మాత్రం కేబుల్ మిగిలింది. కరెంటొచ్చాక అతని భార్య షాహిస్తా కంప్యూటర్ వెనక్కి వంగి చూసింది.

"ఏవండీ, మీరు గుచ్చిన కంత మీద రేడియో అని రాసుంది. టీవీది దీని పక్కన."

మార్చగానే బొమ్మ అద్దంలా వచ్చింది. దాని కింద అక్షరాలు కదులుతున్నాయి: వంటల కార్యక్రమం సాయంత్రం నాలుగు గంటలకు మళ్ళీ ప్రసారం.

నాలుగు కాకముందే గుమ్మంలో చెప్పుల గుట్ట పడింది. "మా టీవీలు రావట్లేదు, నీ కంప్యూటర్లోనే చూస్తాం" అంటూ రెబ్కా ముందు వరసలో కూర్చుంది. రామాంజనేయులు మళ్ళీ మిల్లు ఆపి మరీ వచ్చాడు. వంటింటి గుమ్మంలోంచి సర్దార్‌బీ అల్లుణ్ణి చూసిన చూపుకి అర్థం ఒక్కటే. వాసిం కంప్యూటర్ వెనక్కి దూరి, వైరుని రేడియో కంతలోకి మార్చాడు.

అరగంట సేపు వీధంతా చుక్కల్లో కదిలే నీడని చూస్తూ, గరగర వింటూ, మర్యాదగా కూర్చుంది. సర్దార్‌బీ అందరికీ టీ ఇచ్చింది, "డబ్బా మంచిదే" అని కంప్యూటర్‌ని తొలిసారి మెచ్చుకుంది.

రామాంజనేయులు లేచి కండువా దులుపుకున్నాడు. "వంట అదిరిందక్కా. పొగే కాస్త ఎక్కువైంది."