పేదరికాన్ని పోగొట్టిన ప్లాస్టిక్ కుర్చీ

సర్వేలకు వచ్చేవాళ్లను ఎవరూ తిట్టకండి! ఈ దేశంలో పేదరికాన్ని పోగొట్టగలిగినవాళ్లంటూ ఉంటే వాళ్లే. వైట్‌ఫీల్డ్ వెనకాల మా రేకుల ఇళ్ల వీధిలో ఒక్క పూటలో పోగొట్టారు. నా కళ్లతో చూశాను.

పెద్దగా చదువుకున్నదాన్ని కాను. అయినా నన్ను ఇంత శ్రద్ధగా పలకరించిందెవరు చెప్పండి? మా ఆయన ఉన్నన్నాళ్లూ "తిన్నావా?" అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తొంభై నాలుగులో వచ్చిన సర్వే అమ్మాయి, వారంలో ఎన్నిసార్లు పప్పు తింటావని అడిగింది. తర్వాతొచ్చిన కళ్లద్దాలాయన హొసకోటె సంతలో ఏం కొంటావు, ఏం అమ్ముతావు అన్నాడు. ఇంకొకాయనైతే మా కోడిపెట్టది ఏ జిల్లా అన్నాడు! చుట్టాల్లో ఉందా ఇంత ఆప్యాయత?

ఈ ఏడు భుజంగరావని ఒక పరిశోధకుడు వచ్చాడు. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరింటికి కొత్తమనిషి వచ్చినా ఆ పరువు వీధి మొత్తానిది. నా ప్లాస్టిక్ కుర్చీ, సుంకన్న టేబుల్ ఫ్యాను, సమీనా గాజుగ్లాసులు ఆ ఇంటికి చేరిపోతాయి. ఆయన లేచి చెప్పులు తొడుక్కునేలోగా అవన్నీ వెనక సందులోంచి పక్కింటికి పరుగు! ఆయన ఇంటింటికీ కుర్చీ, ఫ్యాను, గ్లాసులు అని రాసుకుంటూ పోయాడు.

మా పక్కింటి ఈరమ్మ కర్నూలు వైపు నుంచి కాంక్రీటు పనికి వచ్చింది. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు.

"నిన్న ఏం వండావమ్మా?" అన్నాడు భుజంగరావు.

"కోడికూరప్పా."

ఆ ఇంట్లో కోడి ఉడికింది ఎప్పుడో ఉగాది మర్నాడు! నేను మోచేత్తో పొడిచాను.

"ఊరుకో అవ్వా! ఇంటికొచ్చినాయనకి మన గంజి కత చెప్తారా?" అని గొణిగింది.

రిపోర్టు వచ్చింది. మా వీధి పేదరికం నుంచి బయటపడిందట! బయటపడినట్టు మాలో ఒక్కరికీ తెలియలేదు, అంత నొప్పి లేకుండా చేశారు. అది చూసి ఆఫీసువాళ్లు కోడికూర తినే ఈరమ్మ రేషన్ కార్డు తీసేశారు. ఉన్నవాళ్లకు బియ్యమెందుకు? న్యాయమే కదా! ఇప్పుడు పిల్లల గంజిలో మెతుకులు వెతుక్కోవాలి.

కార్డు కోసం మళ్లీ అర్జీ పెట్టుకుంది. విచారణకు మనిషి వస్తాడన్నారు.

"ఈసారి కుర్చీ ఇవ్వనే. నేలమీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను.

"ఏందవ్వా అట్లంటావు? వచ్చినోణ్ణి మట్టిలో కూకోబెట్టి, తినేకి లేదని ఏడ్సాల్నా? బియ్యం పోతే పాయె. మనకి మానం ఉండాదా లేదా?"

కుర్చీ తుడిచి ఇచ్చాను.

ఆ వచ్చే ఆఫీసరు బాబూ, ఇది చదువుతుంటే ఒక్క మాట. ఈరమ్మ మిమ్మల్ని కూర్చోబెట్టి ఇప్పుడే వస్తానని వెళుతుంది. అప్పుడు లేచి ఆ బియ్యం డబ్బా మూత తీసి చూడండి. కంగారు పడకండి, అంత తొందరగా రాదు. మీ టీలోకి చక్కెర కోసం నా ఇంట్లో ఉంటుంది.