ఒడిబియ్యం వేళ ఇంగ్లీషు దొర

ఆ ఉదయం విమలమ్మ వేసుకున్న పథకం చిన్నదే: తాను ఏడవకుండా కూతురు జ్ఞానేశ్వరిని బొంబాయి దగ్గరి భివండికి సాగనంపాలి. అల్లుడు రాజనర్సుకు అక్కడ సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పని. పోయినసారి బస్టాండులో తల్లి పెట్టిన శోకానికి కూతురు ఊరు చేరేదాకా అన్నం ముట్టలేదట. "ఈసారి ఏడిస్తె మళ్ల రానమ్మా" అని ముందే మాట తీసుకుంది.

విమలమ్మకు తెలిసిన మందు ఒకటే. కూతురి పాత బడి పుస్తకాలతో తనంతట తాను ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి; గుండె దడ పుట్టినప్పుడల్లా గ్రంథాలయం నుంచి తెచ్చిన ఇంగ్లీషు హాస్య నవల తెరుస్తుంది. పొయ్యి దగ్గరే నాలుగు పేజీలు చదివింది. అందులో ఒక దొర టోపీ కోసం కొలనులో దిగి, బురదలో పీకలదాకా కూరుకుపోయాడు. నౌకరు గట్టున వినయంగా వంగి, "టీ అక్కడికే తేనా దొరా?" అని అడిగాడు.

మందు కాస్త ఎక్కువైంది. పీట మీద కూర్చున్న కూతురి ఒడిలో పుట్టింటి దీవెనగా పసుపు బియ్యం పోస్తుంటే కళ్లలో నీళ్లు తిరగబోయాయి. విమలమ్మ చప్పున దొరను తలచుకుంది. కిసుక్కుమంది. ఆపబోతే ఇంకా పొంగింది. దోసిట్లో బియ్యం సగం నేలపాలయ్యాయి.

వియ్యపురాలు కొండవ్వ లేచి నిలబడింది. "ఏంది వదినె, బిడ్డ పోతాంటె గింత సంబురమా? పీడ వాయె అనుకుంటున్నవా?"

"నేను గంత బరువైన్నా అమ్మా?" జ్ఞానేశ్వరి ఏడుపందుకుంది.

సర్దబోయి భర్త కాశీనాథం మరింత చెడగొట్టాడు. "ఏం లేదక్కా, మొన్న జరమొచ్చినకాంచి గిట్లనే ఉత్తగ నవ్వుతాంది."

"అయ్యో, పానం బాగలేని అమ్మను ఇడిసి నేనెట్ల పోత? దవాఖానకు తీస్కపోదాం!" కూతురు సంచి విప్పి చీరలు బయట పడేసింది. రాజనర్సు రిక్షా కోసం ఉరికాడు.

"జరం లేదు, పాడు లేదు! నిన్ను జూస్తె ఏడుపస్తదని గీ దొరను మతిల వెట్టుకున్న బిడ్డా, గంతే!" విమలమ్మ పుస్తకం తెచ్చి, ఆ పేజీని తమ మాటల్లో చదివి వినిపించింది.

ముందు కొండవ్వ భుజాలు నవ్వుతో కదిలాయి. "టీ... గా బురదలకే?" అంటూ కడుపు పట్టుకుని కూలబడింది. రాజనర్సు రిక్షాతో వచ్చేసరికి అందరూ నవ్వి నవ్వి కళ్లొత్తుకుంటున్నారు. అత్తకు ఏదో అయిందనుకుని అతను వాకిట్లోనే బావురుమన్నాడు.

అతన్ని ఊరడించేలోపు బొంబాయి బస్సు వెళ్లిపోయింది.

"పోతె పోనియ్, సాంచలు యాడికి వోతయ్?" కొండవ్వ చాప పరుచుకుంది. "ఏం వదినె, దొర గడ్డకెక్కిండా లేదా? గది తెల్వకుంట నేను కదల."

విమలమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో వాక్యానికీ అర్థం వివరిస్తూ నిదానంగా మొదలుపెట్టింది.

వారం దాటినా ఆమె దొరను గట్టెక్కనివ్వలేదు.