మావగారి బిళ్ళల పెట్టె

ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మావగారు ముందుగా టౌన్ హాలుకి వెళ్ళి, సేకరణల ప్రదర్శనలో తనకిచ్చిన బల్ల మీద గుడ్డ పరుస్తారు. అల్లుడు వెనకాలే బిళ్ళల పెట్టె పట్టుకుని వస్తాడు. పదకొండింటికి న్యాయనిర్ణేతలు వస్తారు. అంతే. ఇంత చిన్న పనిని చెడగొట్టాలంటే ప్రత్యేకమైన తెలివితేటలుండాలి. అల్లుడికి అవి పుష్కలంగా ఉన్నాయని మావగారికి పెళ్ళినాటి నుంచీ గట్టి నమ్మకం. అయినా బస్సు కుదుపులకి చేతులు వణుకుతాయని, గత్యంతరం లేక ఒప్పుకున్నారు.

పెట్టె అంటే మామూలు పెట్టె కాదు. పుస్తకంలా తెరుచుకునే పల్చటి చెక్క పెట్టె. లోపల రెండు వైపులా నీలం ముఖమల్ గుడ్డ, అందులో వరసలుగా గుండ్రటి గుంటలు, గుంటకో బిళ్ళ. ట్రామ్ బండి ఎక్కేవాళ్ళకిచ్చిన ఇత్తడి బిళ్ళ, నాటకశాలలో గొడుగు దాచుకుంటే ఇచ్చిన నంబరు బిళ్ళ, పాతకాలపు స్నానశాల వాళ్ళ చేప బొమ్మ బిళ్ళ, గోల్ఫ్ ఆడేవాళ్ళు బంతి తీసినచోట గుర్తుకి పెట్టుకునే బుల్లి బిళ్ళ, ఇలా. ఏ రెండు గుంటలూ ఒక్కలా ఉండవు. ఏ బిళ్ళ కొలత దానికి తీసి, మావగారు రిటైరయ్యాక స్వయంగా కూర్చుని తొలిచారు.

బిళ్ళల కింద పేర్లు మాత్రం రాయలేదు. "రాస్తే చదువుకుని పోతారు. రాయకపోతే ఇదేమిటండీ అని అడుగుతారు. అడిగితే చెప్పొచ్చు," అన్నది ఆయన ఎత్తు. ఎత్తు బాగానే ఉంది గానీ, ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు పెట్టె కనబడగానే బస్సు టైమైందని లేచేవారు. అత్తగారైతే వాటిని రేకు ముక్కలనే పిలిచేది. అందుకే ఆయన ఆశలన్నీ ఈ ప్రదర్శన మీద పెట్టుకున్నారు. అక్కడికొచ్చేవాళ్ళు తెలిసినవాళ్ళు, తప్పకుండా అడుగుతారు. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి జవాబులు వల్లించుకుంటున్నారు.

"ఏమండీ, దార్లో ఎక్కడా ఆగకండి," అంది అల్లుడి భార్య పెట్టె చేతికిస్తూ. "నన్ను మీ చేతిలో పెట్టినప్పుడు కూడా మా నాన్న ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు."

"అప్పుడు జాగ్రత్తలు నాకు చెప్పాల్సింది," అని గొణుక్కుంటూ అల్లుడు వీధిలోకి దిగాడు.

మలుపు తిరిగాడో లేదో ఫోను మోగింది. అల్లుడు ఒక కంటి ఆస్పత్రిలో కళ్ళజోళ్ళు బిగించే ఉద్యోగి. ఆ పూట సెలవు పెట్టాడు గానీ, నిన్న ఒక పెద్దావిడ కళ్ళజోడు సొరుగులో పెట్టి, తాళం జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు. ఆ పెద్దావిడ ఇప్పుడు ఆస్పత్రిలో కూర్చుని ఊరంతా వినబడేలా తిడుతోందట. ఆస్పత్రి ఎలాగూ టౌన్ హాలు దారిలోనే ఉంది. రెండు నిమిషాల పని కదా అనుకున్నాడు. లోకంలో సగం కొంపలు ముంచింది ఈ రెండు నిమిషాలే.

ఆస్పత్రిలో అద్దాల గది ఇరుకు. అరగదీసే యంత్రం నీళ్ళు చిమ్ముతుంది. ముఖమల్ తడుస్తుందేమోనని, అల్లుడు పెట్టెను బయట కౌంటరు మీద పెట్టి లోపలికెళ్ళాడు. అంటే, ఈ ఘోరం జరిగింది నిర్లక్ష్యం వల్ల కాదు, అతిజాగ్రత్త వల్ల. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి అప్పుడు సీట్లో లేదు.

ఆ ఆస్పత్రి పద్ధతి ఇది. వచ్చినవాళ్ళకి ముందు కళ్ళలో చుక్కల మందు వేస్తారు, చేతిలో టోకెను పెడతారు. వాళ్ళు గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంటారు. మందు పనిచేశాక వంతులవారీగా డాక్టరుగారు పిలుస్తారు. అయితే చూపు మసకబారినవాళ్ళు టోకెన్లను జేబుల్లో వేసుకుని ఇళ్ళకి మోసుకుపోగా పోగా, ఆ ప్లాస్టిక్ టోకెన్లు కాస్తా ఈ మధ్యే పూర్తిగా అయిపోయాయి. "ఈసారి బరువుగా ఉండేవి తెప్పిస్తాను," అన్నారు డాక్టరుగారు. కౌంటరమ్మాయి అప్పట్నుంచీ ఎదురుచూస్తోంది. తిరిగొచ్చి చూస్తే, టోకెన్ల డబ్బా ఉండే చోటే చక్కటి చెక్క పెట్టె కనబడింది. మూత తీసింది. ఆమె ముఖం చేటంతయింది.

లోపల పెద్దావిడ అల్లుణ్ణి ఒక పట్టాన వదల్లేదు. ముక్కు మీద నిలవట్లేదంది, చెవి నొక్కుతోందంది, చివరికి పాత జోడే నయమంది. అల్లుడు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. పెట్టె బార్లా తెరిచి ఉంది. ఒక్క బిళ్ళ లేదు.

"చెల్లెమ్మా! ఇందులో బిళ్ళలేవి?"

"పంచేశానన్నయ్యగారూ! ఒక్కటీ మిగల్లేదు. ఎంత బాగున్నాయో కదా! డాక్టరుగారు ఇన్నాళ్ళకి చెయ్యి విదిల్చారు. కాకపోతే ఏడో నంబరు రెండున్నాయి. ఒకటి కుడికంటికీ, ఇంకోటి ఎడంకంటికీ అనుకున్నా."

అల్లుడు హాలువైపు తిరిగాడు. హాలు నిండా జనం. అందరి తలలూ గోడకి ఆని ఉన్నాయి, అందరి కళ్ళూ మూసుకుని ఉన్నాయి, అందరి పిడికిళ్ళూ బిగిసి ఉన్నాయి.

"అయ్యా, అమ్మా! చిన్న పొరపాటు జరిగింది. మీ దగ్గరున్న టోకెన్లు నాకిచ్చెయ్యండి."

"ఇచ్చేస్తే నా వంతు ఎవరిస్తారు?" అన్నాడు ఒక దర్జీ, కళ్ళు తెరవకుండానే. "గొంతు వింటే డాక్టరుగారిలా లేదే. ఎవరు నువ్వు?"

"నేనిక్కడ కళ్ళజోళ్ళు చూసేవాణ్ణండి."

"మరి మా టోకెన్లతో నీకేం పని?"

"అసలు ఈ నంబర్ల సంగతేమిటి?" అని లేచాడొక లారీ డ్రైవరు. "నాది నాలుగొందల పన్నెండని ఆ అమ్మాయే చదివి చెప్పింది. నా ముందు నాలుగొందల మందున్నారా? ఇవాళ్టికి ఇంటికెళ్తానా?"

"మీకు నంబరైనా వచ్చింది నాయనా," అంది పక్కనున్న రిటైరైన టీచరమ్మ. "నాకు చేప వచ్చింది. చేప ఏ అంకె తర్వాత వస్తుందో నాకు తెలీదు. నేను లెక్కల టీచర్నే."

అల్లుడు ఒక ఉపాయం పన్నాడు. తెల్లకాగితం చింపి, ముక్కల మీద నంబర్లు వేసి, బిళ్ళకి బదులు కాగితం ఇస్తానన్నాడు. దాంతో ఉన్న పరువు కూడా పోయింది.

"కాగితమిచ్చి లోహం లాక్కుంటాడట!" అన్నాడు డ్రైవరు.

"బట్ట పట్టుకుంటే నేత చెప్పేస్తాను నేను," అన్నాడు దర్జీ బిళ్ళను నలుపుతూ. "ఇది ఇత్తడి కాదు. వెండి."

ఆ మాట బెంచీ చివరికి చేరేసరికి బంగారమైంది. పిడికిళ్ళు జేబుల్లోకి పోయాయి. టీచరమ్మ తన చేపను చేతిసంచిలో వేసి జిప్పు లాగేసింది. ఇంతలో ఫోను మోగింది. మావగారు.

"అల్లుడుగారూ, ఎక్కడున్నారు?"

"బయల్దేరిపోయానండీ మావగారూ."

"బిళ్ళలు క్షేమమేనా?"

"క్షేమమేనండీ. కాకపోతే కొంచెం విడివిడిగా వస్తున్నాయి," అని అల్లుడు ఫోను పెట్టేశాడు. నాలుక కరుచుకున్నాడు గానీ, అనేసిన మాట నోట్లోకి తిరిగి రాదు కదా.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అప్పుడే డాక్టరుగారు తలుపు తీశారు. "నా పేషెంటు చేతిలో ఈ బొత్తాం ఎవరు పెట్టారండీ?" అన్నారు గోల్ఫ్ బిళ్ళను రెండు వేళ్ళతో ఎత్తి చూపిస్తూ.

"మీరు తెప్పించినవే కదండీ," అంది కౌంటరమ్మాయి.

"నేను తెప్పించలేదే!"

ఆ మాట హాలంతా గుప్పుమంది. "నే చెప్పలా!" అన్నాడు దర్జీ. "డాక్టరుగారివి కూడా కావట. ఇది ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన సొత్తు. ఇప్పుడు మన చేతుల్లో పెట్టాడు, రేపు మనమే దొంగలం! పోలీసులకి ఫోను చెయ్యండి!"

అందరూ ఫోన్లు తీశారు. అందరూ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. ఒక్కరికీ అంకెలు ఆనలేదు. చివరికి డ్రైవరు తన ఫోను అల్లుడి చేతిలో పెట్టి, "బాబూ, నీకు చూపు ఆనుతుందిగా, పోలీసుల నంబరు నువ్వే కొట్టిపెట్టు," అన్నాడు.

తనమీద ఫిర్యాదుకి తానే నంబరు నొక్కాలా అని అల్లుడు ఆలోచనలో ఉండగా, వీధి తలుపు తోసుకుని మావగారు వచ్చారు. విడివిడిగా అన్న మాట ముల్లులా గుచ్చుకుని, టౌన్ హాలు నుంచి కాళ్ళీడ్చుకుంటూ ఇంటివైపు బయల్దేరిన మనిషికి, దారిలో ఆస్పత్రి కిటికీలోంచి తన పెట్టె కనబడింది. ఆయన ఖాళీ గుంటల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయారు. ఇస్త్రీ చేసిన కొత్త చొక్కా, జేబుకి పెట్టుకున్న ప్రదర్శన బ్యాడ్జీ చూసి అల్లుడికి ఏడుపొచ్చింది. భయంతో కాదు, నిజంగా జాలితో. ఈ ముసలాయన జీవితంలో కోరుకున్నది ఒక్కటే, దాన్ని తన చేతులతో చెడగొట్టాడు.

"మావగారూ, నేను..." అని మొదలుపెట్టాడు.

"ఎవరో కొత్తవారొచ్చినట్టున్నారు," అంది టీచరమ్మ అడుగుల చప్పుడు విని. "ఏమండీ, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. ఈ బిళ్ళ మీద చేప ఎందుకుందండీ?"

మావగారు మెల్లగా అటు తిరిగారు. "ఏమన్నారూ?"

"చేప ఎందుకుంది అంటున్నా. ఇందాకట్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా."

వారం రోజులు వల్లించిన జవాబు కాస్తా అవసరానికి ఎగిరిపోయింది. గొంతు సవరించుకుని, టీచరమ్మ పక్కన కూర్చున్నారు. "అది స్నానశాల బిళ్ళమ్మా. చదువు రానివాళ్ళు గది తప్పకుండా బొమ్మలు పెట్టేవాళ్ళు. చేప ఉంటే ఆడవాళ్ళ వైపు. గుర్రం ఉంటే మగవాళ్ళ వైపు."

"అయితే గుర్రం కూడా ఉండాలే!" అంది టీచరమ్మ.

"ఉండండుండండి, నా దాని మీద ఏదో తోకలా తగుల్తోంది," అన్నాడు దర్జీ బొటనవేలితో తడుముతూ. పోలీసుల సంగతి ఎవరికీ గుర్తులేదు.

"మరి నా నాలుగొందల పన్నెండు?" అన్నాడు డ్రైవరు.

"అది నీ వంతు కాదు నాయనా, ట్రామ్ బండి నంబరు. ఆ బండికి బ్రేకులు సరిగా పడేవి కావు. దాన్ని నడిపినవాడు మలుపులో గంట కొట్టి, కిందికి దిగి, బండికంటే ముందు పరిగెత్తి జనాన్ని తప్పుకోమనేవాడట."

"నా బండి బ్రేకులూ అంతే!" అని డ్రైవరు ఆనందంతో బెంచీ చరిచాడు. ఏడో నంబరు వాళ్ళిద్దరూ ఎవరు ముందన్న కొట్లాట మాని దగ్గరికి జరిగారు. డాక్టరుగారు గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచారు. "ముందు వెనకాలవాళ్ళని పిలవండి సార్," అంటూ ఎవరికివారు తప్పుకున్నారు. చివరికి డాక్టరుగారే కుర్చీ లాక్కుని, ఆ బొత్తాం కథేమిటని అడిగారు.

అల్లుడు గడియారం చూసి హడలిపోయాడు. "మావగారూ, న్యాయనిర్ణేతలు వచ్చేసుంటారు..."

"ఆగవయ్యా! మనుషులు శ్రద్ధగా వింటుంటే మధ్యలో నువ్వొకడివి," అన్నారు మావగారు. అల్లుడుగారూ, మీరూ అన్న పిలుపులు తప్ప ఎరగని ఆ అల్లుడు, ఆ కసురు విని పొంగిపోయాడు.

కథలయ్యాక పెట్టె వాళ్ళ మధ్య పెట్టారు. ఇప్పుడెవరూ మొరాయించలేదు. చూపు మసకే గనక, ఒక్కొక్కరూ వేళ్ళతో తడిమి, ఈ గుంట కాదు, ఇదీ కాదు అనుకుంటూ ఎవరి బిళ్ళ వాళ్ళే దాని చోట్లో కూర్చోబెట్టారు. దర్జీ అయితే రెండు బెంచీల అవతలివాళ్ళది కూడా కుదిర్చిపెట్టి, కొలత అద్భుతంగా ఉందని మావగారి చేతులు పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ప్రదర్శన కార్యదర్శి ఇంటికి ఫోను చేశాడు. బహుమతి ఎవరివో అగ్గిపెట్టెలకి పోయిందట. అయినా ప్రదర్శన రేపు కూడా ఉంది, మీ బల్ల అలాగే ఉంచాం, పెద్దలు చాలామంది వస్తారు, దయచేసి రమ్మన్నాడు.

"రేపు వీలుపడదండీ," అన్నారు మావగారు. "కంటి ఆస్పత్రికి వెళ్ళాలి."

"అయ్యయ్యో! కళ్ళకేమైందండీ?"

"నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నా బిళ్ళలు చూసేవాళ్ళకే బాగాలేవు."